బీజాపూర్ బుల్లమ్మ కారు కొన్నది

జగదల్‌పూర్ వైపు అడవుల్లోని బీజాపూర్ సంతలో బుల్లమ్మ ఉప్పు కొంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి చూసేవారు. ఆమె బస్తా పైనున్న ఉప్పును ముట్టుకునేది కాదు. మోచేయి దాకా చేయి దూర్చి, అడుగునున్న ఉప్పు తీసి నలిపి చూసేది. భర్త పోయిన కొత్తలో ఒక సేటు తడిసిన ఉప్పు అంటగట్టాడు. ఆ నష్టం నుంచి తేరుకోవడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత ఆమె ఎవరి మాటనూ ఊరికే నమ్మలేదు.

ఆమెకు నాలుగు ఎడ్లబండ్లు ఉండేవి. బీజాపూర్ నుంచి గీదం దాకా చింతపండు, ఇప్పపువ్వు తోలించేది. వచ్చేటప్పుడు ఆ బండ్లలోనే ఉప్పు, బట్టలు వచ్చేవి. పోను నాలుగు రోజులు, రాను నాలుగు రోజులు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఆ దారిలో రెండు లారీలు తిరగడం మొదలైంది. సరుకు వాటిమీదికి మళ్లింది. జగదల్‌పూర్ కచేరీకి, ఆసుపత్రికి పోయేవాళ్లకు మాత్రం దిక్కులేదు. ఒక కారు ఉంటే వాళ్లే ఎక్కుతారని బుల్లమ్మకు తోచింది. నలభై అయిదేళ్ల వయసులో, ఒక్కసారీ మోటారెక్కని మనిషి, రెండు బండ్లు అమ్మేసి కారు కోసం వెతకసాగింది.

ధరలు మండిపోతున్నాయి. కొత్త కార్లు రావడం లేదు. యుద్ధానికి ముందు పదిహేను వందలు పలికిన పాత కారు ఇప్పుడు మూడు వేలు దాటింది. అప్పుడే గీదంలో ఒక కలప కాంట్రాక్టరు కారు అమ్మకానికి ఉందని తెలిసింది. ఆయన జగదల్‌పూర్‌కు మకాం మార్చాడు. గీదం డిపోలో వ్యవహారమంతా గుమాస్తా కాశయ్య చూస్తున్నాడు.

బుల్లమ్మ బిజ్జాను వెంటబెట్టుకుని తన ఎడ్లబండిలో వెళ్లింది. బిజ్జా ఆవపల్లి వైపు దోర్ల తెగ మనిషి, నలభైకి దగ్గరపడ్డవాడు. పదేళ్లు జగదల్‌పూర్ లారీల మీద పనిచేశాడు. కారు కొంటే నడపడానికి అతన్నే పెట్టుకోవాలని ఆమె అనుకుంది. కాని అతను గీదంలో దిగీదిగగానే కాశయ్యతో పక్కకు వెళ్లి హల్బీ భాషలో ఏదో మాట్లాడాడు. ఆమెకు హల్బీ సరిగా రాదు. అది ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది.

కాశయ్య కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. ఆ మర్యాదలకే ఆమెకు అనుమానం పెరిగింది. షెడ్డులో నీడన ఉన్న కారు నల్లరంగు తళతళలాడుతోంది. కాశయ్య మూడు వేల రెండు వందలు చెప్పాడు. దంతెవాడ నుంచి ఇంకొకరు రేపే వస్తున్నారని, నెల ఆగితే ఇదే బండి నాలుగు వేలు పలుకుతుందని అన్నాడు.

బుల్లమ్మ కారు చుట్టూ తిరిగి బానెట్టు మీద అరచేయి పెట్టింది. కాలింది.

"నీడన ఉన్న బండి ఇంత వేడి ఎందుకున్నదయ్యా?" అని అడిగింది.

ఇప్పటిదాకా ఎండలో పెట్టి కడిగించామన్నాడు కాశయ్య. ఆమె కారు కింద నేల చూసింది. చుక్క తడి లేదు. ముందే ఇంజను నడిపి ఉంచారని ఆమెకు అర్థమైంది. కుర్చీని కారు పక్కకు లాక్కుని కూర్చుంది. చల్లబడ్డాక చూస్తానంది. కాశయ్య భోజనానికి పిలిచాడు. వద్దంది. మధ్యాహ్నం దాకా అక్కణ్నుంచి కదల్లేదు.

చల్లబడ్డాక ఇంజను స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పమని బిజ్జాకు చెప్పింది. అతను తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. చాలాసేపటికి ఇంజను అందుకుని, షెడ్డు నిండా నీలిపొగ కమ్మింది. కాశయ్య దగ్గుతూ బయటికి వెళ్లాడు.

"ఇంజను అరిగిందని నీకు ముందే తెలుసా?" అని ఆమె బిజ్జాను నిలదీసింది.

"చూడంగనే అనుమానమొచ్చింది."

"మరి చెప్పలేదేంది?"

బిజ్జా చేతులు తుడుచుకున్నాడు. "పొద్దటిసంది నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నవ్. నేను చెప్తే నమ్ముతవా అమ్మా?"

ఆమె ఈ బండికి ఎంత పెట్టొచ్చో చెప్పమంది. గేర్లు, ఇరుసులు బాగున్నాయని, ఇంజను లోపల రింగులు మార్పించాలని అతను చెప్పాడు.

"పదిహేడు వందలు. పైసా ఎక్కువ పెట్టకు."

బయట బేరాలన్నీ మూడు వేల మీద ఉంటే ఇతను పదిహేడు వందలంటాడేమిటి? తన బేరం చెడగొట్టి, దంతెవాడ మనిషి దగ్గర కమీషను కొట్టేద్దామనుకుంటున్నాడా? పొద్దున పక్కకు వెళ్లి మాట్లాడింది అదేనా? అట్లా ఆలోచించి ఆమె రెండు వేలకు అడిగింది. కాశయ్య తల గోక్కుని, యజమాని తిడతాడని నసిగి, చివరికి ఒప్పుకున్నాడు. కాగితాలు, పెట్రోలు రేషను కూపన్ల పుస్తకం తన పేరు మీదికి మారాకే డబ్బిస్తానంది. మారేదాకా గీదంలోనే పది రోజులు ఉండిపోయింది.

బిజ్జా కారును బీజాపూర్ చేర్చాడు; బుల్లమ్మ తన ఎడ్లబండిలోనే వెనక్కి వచ్చింది. రింగులు మార్పించాక బాగానే నడిచింది. జ్వరాలవాళ్లను, కోర్టు పక్షులను, ఒకసారి లక్మే అనే నిండు గర్భిణిని బిజ్జా జగదల్‌పూర్ చేర్చాడు. లక్మేకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విన్నరోజు బుల్లమ్మ మొదటిసారి ఆ కారులో కూర్చుని సంత దాకా వెళ్లింది.

ఏడాది తర్వాత కాశయ్య ఆ ఉద్యోగం మానేసి, కిరాయి ఇచ్చి అదే కారు ఎక్కాడు. దాచడానికి ఇక ఏమీ లేదు కనుక బుల్లమ్మతో నవ్వుతూ చెప్పాడు. యజమాని పదిహేడు వందలకైనా వదిలించుకొమ్మన్నాడట. దంతెవాడ నుంచి ఎవరూ రాలేదట. ఆ పొద్దున బిజ్జా తనను పక్కకు పిలిచి, విధవ మనిషి, మోసం చేయొద్దని చెప్పాడట.

సాయంత్రం బిజ్జా టైరు విప్పుతుంటే బుల్లమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఆ దినం నీ మాట ఇనుంటే మూడొందలు మిగులుతుండె," అంది.

"నాకు తెలుసు," అన్నాడు బిజ్జా తలెత్తకుండా.

"తెలిసీ ఏడాది పొడుగున ఒక్కమాట అనలేదేంది?"

"అంటే నీకు ఇంకో అనుమానమొస్తుండె."

బుల్లమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు తడిశాయి. చెంగుతో తుడుచుకుని అక్కడే కూర్చుంది, అతను టైరు బిగించేదాకా. తర్వాత కారుకు ఏ సామాను కావాలన్నా డబ్బిచ్చి అతన్నొక్కణ్నే పంపేది. అతను తిరిగొచ్చే రోజున మాత్రం పాత అలవాటు చావక పొద్దున్నుంచీ గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతూ దారి చూసేది.