పెళ్ళిరాటకెక్కిన నా రబ్బరు మొక్క

యానాంలో డాబా కట్టుకున్న ప్రతివాళ్ళూ వరండాలో ఒక రబ్బరు మొక్క పెట్టుకుని తీరాలన్నట్టుండేది ఆ రోజుల్లో. మాది పెంకుటిల్లు. అయినా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడం మొదలెట్టిన ఏడాది, కడియం నర్సరీ నుంచి ఒకటి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. (పక్కసీటావిడ దారిపొడుగునా ఆకులు మొహానికి తగుల్తున్నాయని సణుగుతూనే ఉంది. సణగనీ.) అరుగు మీద, నేరుగా ఎండ పడకుండా వెలుతురు మాత్రం తగిలే చోట పెట్టాను. పైమట్టి ఆరితేగానీ నీళ్ళు పొయ్యకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పాను. ఎవరు వింటారు? అన్నం తిన్న ప్రతివాడూ చెయ్యి కడిగేది ఆ కుండీలోనే. మా మేనత్త అయితే, ఆకులు నిగనిగలాడాలని ఓ రోజు కొబ్బరినూనె పట్టించేసింది. వీధిలో దుమ్మంతా వచ్చి వాటికే అంటుకుంది. సబ్బునీళ్ళతో ఒక్కో ఆకూ తుడుచుకుంటూ నేను ఏడుస్తుంటే, "జుట్టుకి రాస్తే లేని తప్పు ఆకుకి రాస్తే వచ్చిందేంటే" అంది.

ఇన్ని తట్టుకుని కూడా ఆ మొక్క నా భుజం దాకా పెరిగింది. నిటారుగా ఒకటే కాండం, అడుగు నుంచి కొస దాకా ఒక్క ఆకు రాలలేదు, కొసన ఎర్రటి తొడుగులో చుట్టుకుని కొత్త ఆకు. జనవరిలో ఊళ్ళో పూలమొక్కల ప్రదర్శన. కుండీల పోటీలో మొదటి బహుమతి నాదేనని స్కూల్లో అందరికీ చెప్పేసుకున్నాను. పోటీకొచ్చేదల్లా వీధి చివర బ్యాంకు మేనేజరుగారి భార్య పెంచే క్రోటను, దానికి అడుగున సగం ఆకులే లేవు.

డిసెంబరులో మా బాబాయి కూతురి పెళ్ళి మా ఇంట్లోనే పెట్టుకున్నారు. పెళ్ళిరాటకి పాలు కారే చెట్టు కొమ్మ కట్టడం మా ఆనవాయితీ. అగ్రహారం నుంచి రావికొమ్మ తెస్తానన్న మనిషి వానకి చిక్కుకుపోయాడు. నాకేం తెలుసు, నేను స్కూల్లో ఉన్నాను. సాయంత్రం గొడుగు ముడుచుకుంటూ వచ్చేసరికి రాట పాతేశారు. దానికి పసుపు, కుంకుమ, మామిడాకులు, వాటి మధ్యన నా మొక్క తలకాయ. అరుగు మీద కుండీలో మోకాలెత్తు మోడు.

"ఇదేం పనత్తయ్యా?" అన్నాను, గొడుగు అక్కడే పడేసి.

"ముహూర్తం దాటిపోతంటే ఏం చెయ్యమంటావే? ఇది కూడా రావీ, మేడీ వంశందేనని నువ్వే కదా మా అందరికీ పాఠం చెప్పావు. కోసి చూశాను, ధారగా కారాయి పాలు. పెళ్ళింట కళ్ళనీళ్ళు పెట్టకు, అపచారం."

ఏడవడానిక్కూడా వీల్లేదన్నమాట. జనవరిలో ప్రదర్శనకెళ్ళి, ఆ బోడి క్రోటనుకి మొదటి బహుమతి ఇస్తుంటే కళ్ళారా చూసొచ్చాను. వేసవికి నా మోడు పక్కల నుంచి రెండు కొమ్మలేసింది. తల కోస్తే ఈ జాతి మొక్కకి అది మామూలే. "చూశావా, నా చెయ్యి మంచిది" అని అత్తయ్య ఊరంతా చెప్పుకుంది. నేను ఆవిడతో చాలాకాలం మాట్లాడలేదు. (ఆవిడ ఆ సంగతి గమనించలేదు, అది ఇంకా మంట.)

తర్వాత నా పెళ్ళి కుదిరింది. రాట రోజున చూస్తే, పొద్దున్నే ఎవర్నో పంపించి తెప్పించిన రావికొమ్మ పట్టుకుని అత్తయ్య సిద్ధంగా ఉంది.

"నీ మొక్క జోలికి నేనెందుకొస్తానే తల్లీ" అంది, వినయంగా.

ఒళ్ళు మండిపోయింది నాకు. చెల్లెలి పెళ్ళికి పనికొచ్చిన మొక్క నా పెళ్ళికి పనికిరాదా? పసుపు మొహంతో, కొత్తచీరతో, వంటింట్లో కత్తి పట్టుకుని అరుగెక్కి, ఉన్న రెండిట్లో బాగా పెరిగిన కొమ్మ నేనే నరికాను. పాలు చీర నిండా కారి బంకలా పట్టేశాయి. అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. అత్తయ్య వెళ్ళి పొయ్యిలోంచి ఇంత బూడిద తెచ్చి, పాలు కారే కోత మీద అద్దింది. తర్వాత రావికొమ్మ పక్కన పెట్టేసి, నాది రాటకి కట్టింది.

పెళ్ళికూతురు కత్తితో అరుగెక్కిన ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. కానీ ఆ మొదటి బహుమతి పోయిందన్న కోపం మాత్రం ఈనాటికీ తీరలేదు. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది, ఆ కోపం చూపించుకోడానికి మనిషే లేదు.