అమ్మ చెప్పిన క్లైమాక్సులు

పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నేను ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. అలా నవ్వేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొట్లాడి టికెట్ తీసుకుని, కథ మంచి పట్టులో ఉండగా లేచి రావడం ఎంత కడుపుమంటో వాళ్ళకేం తెలుసు?

దీనికంతటికీ కారణం బస్సు. వనపర్తిలో మ్యాట్నీ ఐదుంపావుకు విడిచేది. ఆత్మకూరు దారిలో మా ఊరి మీదుగా పోయే ఆఖరి బస్సు ఐదింటికే కదిలేది. ఆ పావుగంటను కాస్త ముందుకో వెనక్కో జరపాలన్న ఆలోచన థియేటరువాళ్ళకు రాలేదు, బస్సులవాళ్ళకూ రాలేదు. ఎందుకొస్తుంది? ఆ పావుగంట నష్టం ఆడవాళ్ళది. మగవాళ్ళు తీరిగ్గా ఫస్ట్ షో చూసి, దారిన పోయే ఏ లారీనో ఆపుకుని, ఎప్పుడో ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్ళు. లేచి అన్నం పెట్టడానికి ఇంట్లో మనిషి ఉండేది కదా. మా నాయన కూడా అలా వచ్చేవాడే. అమ్మకు మాత్రం ఆ బస్సు తప్పితే పుట్టి మునిగినట్టే. ఒకసారి దారిలో టైరు పంక్చరై బస్సు ఆలస్యంగా చేరింది. ఆ రోజు వాకిట్లోనే నాయన చెయ్యి లేచింది. పంక్చరుకు మా అమ్మ ఏం చేస్తుంది?

అయినా పల్లికాయ పీకడం అయిపోయి చేలో పని తగ్గగానే అమ్మకు సినిమా మీదికి మనసు పోయేది. పొద్దున్నే వంట ముగించి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కేది. ఆడవాళ్ళ టికెట్ల కిటికీకి ఒక్క చెయ్యి పట్టేంత సందు ఉండేది. అందులో నాలుగైదు చేతులు దూరేవి. అమ్మ కొంగు నడుముకు బిగించి ఆ గుంపులోకి జొరబడేది. బయటికొచ్చేసరికి జుట్టంతా రేగి, ఒక గాజో రెండు గాజులో పగిలి, టికెట్లు పిడికిట్లో నలిగి ఉండేవి. చేలో అంత అలిసిపోయే మనిషి అక్కడ మాత్రం అలిసినట్టే కనిపించేది కాదు.

అమ్మకు గడియారం లేదు. ఇంటర్వెల్ అయిన కాసేపటినుంచి గేటు దగ్గరి మనిషిని టైము అడుగుతూనే ఉండేది. ఆయన విసుక్కుంటూనే చెప్పేవాడు. తెర మీద హీరోయిన్ తల్లికి ప్రాణం మీదికి వచ్చినా సరే, విలన్ పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్నా సరే, టైము కాగానే అమ్మ లేచేది. "నడువు బిడ్డా, బస్సు పోతది" అనేది. మేం వరసలోంచి బయటపడేలోపు ఎవరెవరి కాళ్ళో తొక్కేవాళ్ళం, ఎవరెవరివో తిట్లు తినేవాళ్ళం. నేను తలుపు దాకా తెరవైపే చూస్తూ వెనక్కి నడిచేదాన్ని. బయట సందులో పరుగెత్తుతుంటే గోడ అవతల ఫైటింగు చప్పుడు, జనం ఈలలు వినిపించేవి. ఆ గోడను చూస్తే నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చేవి. ఇంటికి పోయేదాకా అమ్మతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకునేదాన్ని.

ఆ ఒట్టు వనపర్తి దాటేదాకా కూడా నిలిచేది కాదు. బస్సు కాస్త కుదురుకోగానే అమ్మ నా మొహం తన వైపు తిప్పుకుని, తర్వాత ఏమైతదో చెప్పాల్నా అని అడిగేది. నేను మూతి ముడుచుకునే తలూపేదాన్ని. ఇక మొదలుపెట్టేది. తానేదో నిన్ననే చూసొచ్చినట్టు, ఎక్కడా తడుముకోకుండా చెప్పేది. ముందు సీటు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి వినేవాళ్ళు. వాళ్ళూ మాలాగే సగంలో లేచి వచ్చినవాళ్ళే.

అమ్మ చెప్పే క్లైమాక్సుల్లో ఫైటింగులు ఉండేవి కావు. కొట్టుకునేది ఎంతసేపు చెప్తం అని విలన్‌ను ఒక్క మాటలో జైలుకు పంపేసేది. ఆ తర్వాతే ఆమెకు అసలు కథ మొదలయ్యేది. హీరో హీరోయిన్లు ఏ ఇంట్లో దిగారు, మర్నాడు పొద్దున ఎవరు లేచి నీళ్ళు తోడారు, ఆ అత్త మళ్ళీ నోరెత్తిందా, ఎత్తితే కోడలు ఏమంది, ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. నా రుచి అక్కడే తయారైంది. గాలిలో పల్టీలు కొట్టే హీరోలంటే నాకు ఈ రోజుకీ పరమ చిరాకు. పాట అయిపోయాక ఇంట్లో గిన్నెలు ఎవరు కడిగారో చూపించని సినిమా నాకు సినిమాలా అనిపించదు.

వాటన్నిటిలో ఒక సినిమా గురించి చెప్పాలి. అప్పుడు నేను ఐదో తరగతి. అందులో హీరోయిన్ వాళ్ళ నాయన చనిపోతే నూనె మిల్లు తానే నడుపుతుంటుంది. తాళాల గుత్తి నడుముకు వేలాడుతుంటుంది. హీరో ఆ మిల్లులో పనికి చేరి, ఆమె పొగరు దించుతానని పందెం కట్టి పెళ్ళి చేసుకుంటాడు. ఆమె ఏదో లెక్కలో ఎదురు చెప్పిందని కూలీలందరి ముందు చెంప మీద కొడతాడు. సరిగ్గా అప్పుడే అమ్మ లేచింది. ఆమె చెంప మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండగా నేను తలుపు దాటాను.

ఆ రోజు బస్సులో అమ్మ తానుగా కథ ఎత్తుకోలేదు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"గా పిల్ల ఊకుంటదా? చెప్పులేసుకున్నది. తాళాలు నడుముకు చెక్కుకున్నది. కొట్టినోనితోని నేనుండ అని చెప్పి బయటికి నడిసింది."

"మళ్ళ రాలేదా?"

"ఎందుకొస్తది? మిల్లు నడుపుకున్నది. మంచిగ బతికింది."

తర్వాత ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో. నేను ఒక్కసారీ కూర్చుని చూడలేదు. తెలిసిన కథే కదా అనుకున్నాను.

నన్ను నాగర్‌కర్నూల్ వైపు ఇచ్చారు. పెళ్ళయిన రెండో ఏడు ఒక పండగ పూట ఆయన స్నేహితులు భోజనానికి వచ్చారు. ఆ రోజు కూర తానే వండుతానని సరదా పడి, ఉప్పు రెండుసార్లు వేశాడు. తినేటప్పుడు నా వంట ఇంతేనని వాళ్ళ ముందు వెక్కిరించాడు. ఉప్పు వేసింది మీరే కదా అన్నాను. అందరి ముందూ చెంప పగలగొట్టాడు. నా చెయ్యి చెంప మీదికి పోయింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది అమ్మ కాదు, నాయన కాదు, ఆ నూనె మిల్లు పిల్ల. చెప్పులేసుకుని బయటికి నడిచాను. వనపర్తికి వచ్చి, అక్కడ అదే ఐదింటి బస్సెక్కి మా ఊళ్ళో దిగాను.

వారం తిరక్కుండా అటువైపు పెద్దమనుషులు వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళూ చేరారు. ఒక్క దెబ్బకే ఇల్లిడిసి వస్తరా అని ఒకాయన నన్ను నిలదీశాడు. "ఆ నూనె మిల్లు సినిమాల పిల్ల ఇల్లిడిసి రాలేదా?" అన్నాను. వాకిలి వాకిలంతా ఘొల్లున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇందులో నవ్వడానికి ఏముందో అర్థం కాలేదు. గీ సినిమాలు చూసే ఆడపిల్లలు ఆగమైతుండ్రని ఒకాయన తీర్పు చెప్పాడు. నాయన తల ఎత్తకుండా, పొద్దున్నే బస్సెక్కి పొమ్మన్నాడు. మగవాళ్ళు కూర్చున్న చోట ఏనాడూ గొంతెత్తని అమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

"పోదు" అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఒక్క మాటకు నాయన చేతిలో తన్నులు తింది. నేను అడ్డం పోతే నన్ను లోపలికి తోసి గొళ్ళెం పెట్టింది. ఆ గొళ్ళెం చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

తర్వాత కొత్తకోటలో కుట్టుపని నేర్చుకున్నాను. హైవే పక్కనే చిన్న షాపు పెట్టుకున్నాను. నా తాళాలు నా నడుముకే ఉంటాయి. కావాలనే అలా చెక్కుకుంటాను. నాయన పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది.

ఈ మధ్య పాత సినిమాలను మళ్ళీ విడుదల చేయడం ఒక మోజైంది. ఆ నూనె మిల్లు సినిమా గద్వాలలో వేస్తున్నారని షాపుకొచ్చే పిల్ల ఫోన్లో పోస్టరు చూపించింది. నాకు పండగైంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నా బతిమాలి తీసుకుపోయాను. ఈసారి బస్సు గొడవ లేదమ్మా, మనిద్దరం చివరిదాకా చూద్దామన్నాను.

హాలంతా కుర్రవాళ్ళు. చించిన కాగితాలు, ఈలలు. మేం ఒక మూలన కూర్చున్నాం. కథ నాకు గుర్తున్నట్టే నడిచింది. చెంపదెబ్బ సీను దగ్గర పడగానే హాలంతా లేచి నిలబడి, ఫోన్లలో లైట్లు వేసింది. దెబ్బ పడింది. దాన్నే మరో పక్కనుంచి మళ్ళీ చూపించారు, ఇంకో పక్కనుంచి ఇంకోసారి చూపించారు. ప్రతిసారీ చెవులు పగిలేలా కేకలు. పాత అలవాటుకేమో అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లేవబోయింది. కూర్చోమన్నాను.

ఆ పిల్ల చెప్పులు వేసుకోలేదు. వాడి కాళ్ళ మీద పడింది. ఈ దెబ్బతో నా కళ్ళు తెరుచుకున్నాయని ఏడ్చింది. నడుముకున్న తాళాల గుత్తి తీసి వాడి చేతిలో పెట్టింది. ఆఖరి సీనులో వాడు మిల్లులో ఆమె కుర్చీలో కూర్చుంటే, ఆమె తల మీద కొంగు కప్పుకుని క్యారియర్‌లో అన్నం పట్టుకొచ్చింది. కుర్రవాళ్ళంతా డైలాగులు ముందే అప్పజెబుతూ ఎగిరారు.

నేను వెనక్కి తిరిగి, ఎందుకురా ఈలలు వేస్తున్నారని ఒకణ్ణి అడిగాను. వాడు మర్యాదగానే, సినిమానే కదా ఆంటీ అన్నాడు. సినిమానే కదా! నా బతుకంతా దాని మీద కట్టుకున్నాను. ఆ కథ రాసినవాడు ఎదురుపడితే చొక్కా పట్టుకునేదాన్ని. అప్పుడే మా వాకిట్లో నవ్వు ఎందుకు పుట్టిందో తెలిసింది. నవ్వినవాళ్ళంతా ఫస్ట్ షోలో దాన్ని చివరిదాకా చూసినవాళ్ళు. సినిమాలు చూసి ఆగమైందన్నారు నన్ను. ఆ సినిమా పూర్తిగా చూసి ఉంటే, నేను మొగుడి ఇంటికే తిరిగిపోయి వాడి కాళ్ళు పట్టుకునేదాన్నేమో.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక అమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ, వాళ్ళు మంచిగ తియ్యలేదంది. నా కోపమంతా ఆమె మీదికే తిరిగింది.

"నాతోని ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

"అబద్ధమేంది? నీతోనే లేచొచ్చిన కదనే. నేను చూసిన్నా? గా పిల్ల గట్లనే చేస్తదనుకున్న."

అంత సులువుగా అనేసరికి నాకు ఇంకా మండింది. ఎన్నో ఏళ్ళుగా నాలుక మీదే ఆగిన మాట అప్పుడు బయటపడింది.

"మరి నువ్వెందుకు పోలేదమ్మా? నాయిన అన్నిసార్లు కొట్టిండు. ఒక్కసారి కూడ చెప్పులేసుకోకపోతివి."

మా బస్సు వచ్చి ఆగింది. అమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా లేచింది.

"నన్ను బస్సుల కూసోబెట్టుకొని గట్ల చెప్పేటోళ్ళు ఎవరుండిరి బిడ్డా" అంది.