సోరియాసిస్, యాంగోన్, ఒక దీర్ఘం

నా అరచేతులకు చాలా ఏళ్లుగా సోరియాసిస్ ఉంది. చర్మం అక్కర్లేని తొందరతో కొత్త పొరలు తయారుచేసి పోగేస్తుంది. అవి ఎర్రబడి, పొట్టు లేచి, పగులుతాయి. పూర్తిగా పోదు, మందులతో అదుపులో ఉంటుంది, ఎవరికీ అంటదు. విశాఖలో మా చుట్టాలకు ఈ ముక్క చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టింది. అయినా ఏ పెళ్లిలోనైనా నలుగు పెట్టే వేళకి "నువ్వు ఫొటోలు తియ్యమ్మా" అనేవారు. నాకు ఫొటోలు బాగా తీయడం అలా వచ్చింది. బర్మాలోని యాంగోన్‌లో ఉండే వరాలత్త, నాన్నకు పినతల్లి కూతురు, తన కూతురు మీనా పెళ్లికి పిలిచినప్పుడు కెమెరా ఇంట్లోనే వదిలేశాను. ఈసారి పెళ్లికూతురికి నలుగు పెట్టే రావాలనుకున్నాను.

విశాఖ నుంచి వెళ్లేవాళ్లు మధ్యలో విమానం మారక తప్పదు. నేను బ్యాంకాక్‌లో మారి సాయంత్రానికి యాంగోన్ విమానాశ్రయం మింగళాడోన్‌లో దిగాను. అక్కడి నుంచి అత్త ఉండే సంచౌంగ్‌కి టాక్సీలో సుమారు గంట పట్టింది. ఛార్జీలు తరచూ మారుతున్నాయి కాబట్టి ఎక్కే ముందే మాట్లాడుకోండి. దారంతా మీనా ఫోన్‌లో నేర్పిన బర్మా మాట వల్లెవేసుకున్నాను. "అంటదు" అనడానికి 'మకూబూ' అనాలట.

మర్నాడు ఉదయం పూలకోసం అత్తా నేనూ చిమిండైంగ్ మార్కెట్‌కి బయల్దేరాం. సంచి అందుకుంటూ డ్రైవరు నా చేతులు చూశాడు. అతను అడగకముందే నేను ధీమాగా ఆ మాట చెప్పేశాను. అతను జాలిగా తలూపి, దారిపొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు. పూలమ్మే ఆవిడకీ చెప్పాను. ఆవిడ పూలు పక్కన పెట్టి మరీ నాకు క్లాసు పీకింది. అత్త పమిట అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏటత్తా, ఏటయింది?"

"కూ సాగదియ్యాలి పిల్లా. నువ్వు పొట్టిగా 'మకుబూ' అంటన్నావు. అంటే వైద్యం సేయించుకోనని. అందుకే ఆళ్లు తిడతన్నారు, ఇంత సదువుకున్నదానివి ఆస్పత్రికి ఎల్లవేటని."

పన్నెండు నెలలూ మందు రాసుకునే నేను, ఒక్క దీర్ఘం మింగేసి ఊరందరి దగ్గరా మొండిదాన్నైపోయాను. నాకూ నవ్వాగలేదు. మార్కెట్ నుంచి ఇంటికొచ్చే దారిలో ఆ 'కూ'ని కోయిలలా సాధన చేశాను.

మధ్యాహ్నం నలుగు. తెలుగు చుట్టాలూ బర్మా ఇరుగుపొరుగూ కలిసి ఇల్లు నిండిపోయింది. మీనా పీట మీద కూర్చుని "వదినా, రా" అంది. పసుపు గిన్నె అందుకోబోతుంటే పక్కింటి డో ఖిన్ అనే పెద్దావిడ నా చెయ్యి చూసి గిన్నె వెనక్కి లాగింది. పాత విశాఖ పెళ్లిళ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బాధకన్నా కోపమే ఎక్కువొచ్చింది. గొంతు సవరించుకుని "మకూబూ" అన్నాను, దీర్ఘం ఎక్కడా తగ్గకుండా.

డో ఖిన్ విసుగ్గా ఏదో అంది. మీనా నవ్వింది. "అది నాకు తెలుసు అంటంది వదినా. ఆవిడ అడిగింది అది కాదు. పగుళ్ల మీద పసుపు పడితే నీకు మండదా అని."

అంటుతుందా అన్న ప్రశ్నకి నా దగ్గర రెండు భాషల్లో జవాబుంది. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "మండుతుంది, కొంచెం" అన్నాను. మీనా ఆ మాట బర్మాలో చెప్పగానే ఆవిడ కొబ్బరినూనె తెప్పించి, నా రెండు అరచేతులూ తన ఒళ్లో పెట్టుకుని, పగులు పగులుకీ నూనె రాసి, అప్పుడు గిన్నె చేతికిచ్చింది. మీనా బుగ్గలకి పసుపు రాశాను. మండింది. ఆనందంగానూ ఉంది.

ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల భయానికి జవాబు చెప్పడమే ఈ జబ్బుతో బతకడం అనుకున్నాను. నా నొప్పి సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు, అడిగే అవకాశమూ ఇవ్వలేదు. ఈ ఊరు వెళ్లేవాళ్లకు నా సలహా: మందులూ డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి, 'మకూబూ'లో దీర్ఘం మింగకండి. కానీ ఎదుటివాళ్లు ఏం అడుగుతున్నారో ముందు పూర్తిగా వినండి.