గోడ కొడితే మళ్ళీ మొదటినుంచి

మా తమ్ముడు సుధీర్ డాన్స్‌హాల్ రెగె పాడతాడు. జమైకా దరువు, మధ్యమధ్యలో మా కరీంనగర్ తిట్లు. వాడి మొదటి ఆల్బమ్ రికార్డుల పెట్టె ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో మా ఇంటికి వచ్చేసరికి, వాడు పామర్‌స్టన్ నార్త్‌లో ఇక మందులు పనిచేయనివాళ్ళను ఉంచే హాస్పిస్‌లో ఉన్నాడు. ఆఖరి పాట పాడి వచ్చి మంచం పట్టాడు. దానికి సంగీతం కలిపి పూర్తిచేసింది వాడి ఫ్లాట్‌మేట్ టామా. "ఫోన్ల విననక్కా, రికార్డు చేతికొచ్చినంకనే వింట" అని మొండికేశాడు. మొండితనం మా ఇంటి ఆస్తి. అందుకే బయల్దేరాను.

ఆక్లాండ్‌లో రైలు ఉదయం ఎనిమిదికి ముందే కదులుతుంది. వారంలో కొన్ని రోజులే ఉంటుంది కాబట్టి టికెట్ ముందే కొనుక్కోవాలి. మా ఆయన స్టేషన్లో దింపి పులిహోర డబ్బా చేతిలో పెట్టాడు. హామిల్టన్ దాటేదాకా పచ్చిక, ఆవులు, వాన. మధ్యాహ్నం మంచు కొండలు కనిపించాల్సిన చోట మబ్బు తప్ప ఏమీ లేదు. ఎదురు సీటు పెద్దావిడ "అవి అక్కడే ఉంటాయిలే, నమ్ము" అంది. నాకు నమ్మే ఓపిక లేదు. పులిహోర కూడా దిగలేదు, సగం ఆమెకే పెట్టాను.

సాయంత్రం నాలుగు దాటాక పామర్‌స్టన్ నార్త్‌లో దిగాను. టామా కారుతో వచ్చాడు. ఆరడుగుల మావోరీ మనిషి, సుధీర్ నేర్పాడని నన్ను "అక్కా" అనే పిలుస్తాడు. "త్వరగా వెళ్దాం" అని మాత్రం ఇంగ్లీషులో అన్నాడు.

సుధీర్ చిక్కి పుల్లయ్యాడు. చూడగానే ఏడ్చేశాను. "ఏడ్వకు, రికార్డు వెయ్" అన్నాడు. టామా తెచ్చిన ప్లేయరులో రికార్డు పెట్టి నేనే ముల్లు దించాను. గది ఇరుకు, వాడి స్నేహితులంతా బయట నడవాలో నిలబడ్డారు. మొదటి పాట సగంలో ఉండగా గోడ దబదబా మోగింది. పక్క గదిలో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళెవరో విసుక్కున్నారనుకుని, సిగ్గుతో చచ్చిపోయి, గభాలున ముల్లు ఎత్తేశాను. మనకు గోడ కొట్టారంటే తగాదాకొచ్చినట్టే కదా!

సుధీర్ దగ్గుతూ నవ్వాడు. "అక్కా, కొట్టింది మావోళ్లే. డాన్స్‌హాల్ల పాట మస్తుంటే గోడ కొడ్తరు. మళ్ల మొదటి సంది వెయ్యాలె."

"నీ పాడుగాను! ముందుగాల చెప్పద్దారా?"

మళ్ళీ వేశాను. మళ్ళీ కొట్టారు. చివరికి నర్సు కూడా వచ్చి తలుపు మీద నాలుగు దెబ్బలు వేసి పోయింది. వాడి ముఖంలో వెలుగు చూసి, ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు వేస్తూ పోయాను. ఆఖరి పాట ఒక్కటి మిగిలి ఉండగా వాడు అలిసిపోయాడు. "అది రేపు వింటనక్కా" అని కళ్ళు మూసుకున్నాడు. తెల్లారేసరికి లేడు.

మీరు గోడ కొట్టకుండా, ఒక్కో పాట ఒక్కసారే వేయనిచ్చుంటే అన్నీ వినేవాడు కదా అని టామా మీద అరిచాను. అతను గోడకు ఆనుకుని ఏడ్చాడు.

దహనశాలలో ఆ ఆఖరి పాట టామాయే వేశాడు. సుధీర్ గొంతు జబ్బు ఎరగనట్టు ఖంగుమంది. అందరూ గోడ కొట్టారు. టామా మళ్ళీ మొదటినుంచి వేశాడు. మళ్ళీ కొట్టారు. ఈసారి నేనూ రెండు చేతులతో కొట్టాను. అక్కడి ఉద్యోగి దగ్గరికి వచ్చి, టైమ్ అయిందని మెల్లగా చెప్పాడు. శవపేటిక లోపలికి వెళ్ళిపోయింది. మేం ఇంకా కొడుతూనే ఉన్నాం.

తిరుగు రైల్లో ఎండ కాసింది. ఈ దారిన వచ్చేవాళ్ళు కుడివైపు కూర్చోండి, మంచు కొండలు బాగా కనిపిస్తాయి. అందరూ ఫోటోలకు ఎగబడ్డారు. నాకు చూడబుద్ధి కాలేదు. పక్క సీటు అమ్మాయి నా ఒళ్ళో రికార్డు చూసి ఎవరిదని అడిగింది.

"మా తమ్ముడిది."

"బాగుంటుందా?"

కిటికీ పక్కన రైలు గోడ మీద అరచేత్తో కొట్టాను. ఆ అమ్మాయి బెదిరి చూసింది. మళ్ళీ కొట్టాను.