వెనక బ్రేకు వేదాంతం

ఆదోని కోటను కూలగొట్టడానికి ఎందరో రాజులు ఏనుగుల్నీ ఫిరంగుల్నీ తోలుకొచ్చినారంటారు. మా వేణి కారును కూలగొట్టడానికి నాకు ఒక్క చూపుడువేలు చాలింది. అదీ నెత్తురు చుక్క పడకుండా, పెట్రోలు చుక్క కాలకుండా, ఎమ్మిగనూరులో ఒక మేడ మీద ఏసీ గదిలో కూర్చొని. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పటినుంచే మొదలుపెట్టుకోండి. తర్వాత తీరిక దొరకదు.

అప్పటికి నాకు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. బీఏ చదివినదాన్ని. వాదనలో మా వీధిలో నన్ను గెలిచిన మనిషి లేడు. గ్యాసు బండ తెచ్చే ఆయన మెట్లెక్కక ముందే "మీదే రైటు మేడం" అనేవాడు; నేనింకా నోరు తెరిచి కూడా ఉండను. ఇక బండ్ల సంగతంటారా, అది నా పుట్టింటి ఆస్తి. మా నాయన కోసిగి రోడ్డులో జీపు తోలినాడు. లోపల ఎంతమంది కూర్చునేవాళ్ళో బయట అంతమంది వేలాడేవాళ్ళు. ఆ జీపు తోలడం నేర్చుకున్నాను. పెళ్ళయినాక స్కూటరు నేర్చుకున్నాను. మా తట్టు స్కూటరు నేర్పే ప్రతి నాయనా, ప్రతి మొగుడూ చెప్పే మొదటి మాట మీకూ తెలిసే ఉంటుంది: "ముందు బ్రేకు ముట్టుకున్నావంటే పల్టీ కొడతావు. వెనకదే పట్టు." గాయత్రీ మంత్రమైనా మర్చిపోతాం గానీ దాన్ని మర్చిపోము.

వేణి మా అన్న కూతురు. అన్నకు హాలహర్వి దగ్గర సేద్యం. పిల్ల మా ఇంట్లో ఉండి ఆదోనిలో డిగ్రీ చదివేది. చదివేది అని మా అన్న అనుకునేవాడు. నాకు కనిపించింది మాత్రం మా పాత కంప్యూటరులో కారు పందేలు ఆడటం. కీబోర్డు మీద బాణం గుర్తులుండే మీటలు ఆ పిల్ల వేళ్ళ కింద అరిగి నున్నగా గుళ్ళో గడపల్లాగా అయిపోయినాయి.

ఇట్లుండగా ఎమ్మిగనూరులో గేమింగ్ సెంటరు నడిపే ఖాజా అనే ఆయన ఒక ఆదివారం పోటీ పెట్టినాడు. గెలిచినవాళ్ళకు బహుమానం కంప్యూటరుకు తగిలించుకునే స్టీరింగు చక్రమూ, కాళ్ళతో తొక్కే పెడళ్ళూ. ఆ మాట చెవిన పడినప్పటినుంచి వేణికి నిద్ర లేదు. అన్నం పెడితే కంచాన్ని రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ తిప్పేది. "అది కంచమే, తిను" అంటే, "వంపు దాటనీ అత్తా" అనేది. చిన్నప్పటినుంచి ఏదీ కావాలని నోరు తెరిచి అడగని పిల్ల. ఆ చక్రం మాత్రం కావాలంది. దాన్ని ఎట్లయినా గెలిపించాలని నేను తీర్మానించుకున్నాను. అక్కడే ఆమె పతనం మొదలైంది.

ఆదివారం పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని ఎమ్మిగనూరు బస్సెక్కినాము. మేడ ఎక్కి ఆ గదిలోకి అడుగుపెట్టగానే నా నోరు మూతపడింది. నా జీవితంలో అది అరుదైన సంఘటన, గుర్తుపెట్టుకోండి. గోడంత తెర. దాని ముందర కుర్చీ, పక్కన అట్లాంటివే ఇంకొన్ని. మొదటి కుర్చీలో ఎవరూ లేరు. తెరలో కారు నిలబడి గురగురమంటోంది, ఈడ బల్లకు బిగించిన చక్రం మనిషి చెయ్యి తగలకుండానే సన్నగా వణుకుతోంది. కోడె దూడ వీపు మీద చెయ్యి పెడితే చర్మం అదిరినట్టు. నేను మెల్లిగా వేలు పెట్టి చూసినాను. లోపల ప్రాణం ఉంది. ఇన్నేళ్ళు బండ్లు తోలినదాన్ని, లేని బండికి ఇంత ప్రాణం ఎవరు పోసినారో అర్థం కాక, దొంగచాటుగా దండం కూడా పెట్టుకున్నాను.

పోటీకి ముందు కారును ఎవరికి తగినట్టు వాళ్ళు సర్దుకోవచ్చంట. వేణి కూర్చొని ఏదో పేజీ తెరిచింది. అంతా గీతలు, అంకెలు.

"ఏందే ఇది, కరెంటు బిల్లు మాదిరి?"

"సెట్టింగులత్తా."

"కారు ఎనక ఆ బల్ల ఏంది? బట్టలారేసుకునేదానికా?"

"రెక్క అది. గాలి దాన్ని కిందికి నొక్కుతాది. ఎనక చక్రాలు నేలను ఇడిసిపెట్టకుండా ఉంటాయి. కొత్తగా ఆడేవాళ్ళు దాన్ని కొంచెం ఎక్కువే పెట్టుకోవాల."

"గాలి కిందికి నొక్కుతాదా? పత్తి లారీ మీద టార్పాలిను ఊడితే గాలి ఎనక్కి గుంజుతాది గానీ నొక్కేది నేను సూడలా. తీసెయ్, ఉరుకుతాది."

"తిన్నగా ఉరుకుతాదత్తా. వంపులోనే ఉండాది కత."

"పోనీ, పొట్ట ఏంది నేలకానుకొని, సూడి పిల్లి మాదిరి? పైకెత్తు. రాయి తగుల్తాది."

"ఈడ రాళ్ళుండవు. గుంతలుండవు."

"గుంతల్లేని రోడ్డు యాడుంటాదే?"

వేణి మళ్ళీ గీతల మీదికి వంగింది. నేను గెలిచినట్టే లెక్కేసుకున్నాను. అప్పుడు చూసినాను, బ్రేకు గీత మీద ఆమె ముందు చక్రాలకు ఎక్కువ పెట్టి, వెనక చక్రాలకు తక్కువ పెడుతోంది.

"పాపా, ముందు బ్రేకా? పల్టీ కొడతావు."

"ఇది స్కూటరు కాదత్తా. బ్రేకేస్తే బండి బరువంతా ముందుకొరుగుతాది. బరువుండే చక్రాలకే పట్టు. ఎనక ఎక్కువైతే తోక తిరుగుతాది."

"ఎవురు సెప్పినారు?"

"ఎవురూ సెప్పలా. నూరుసార్లు గుద్దుకొని నేర్సుకున్నా."

"గుద్దుకున్నదానివి నువ్వు, ఒక్కసారీ గుద్దుకోనిదాన్ని నేను. ఎవురి మాట ఇనాల?"

పక్క కుర్చీలో ఎమ్మిగనూరు పిల్లోడు ఈరేశు కిసుక్కుమన్నాడు. మా వేణి చేతులెత్తి దండం పెట్టింది.

"అత్తా, తెలియనోళ్ళు సెయ్యాల్సింది ఒకటే, దేన్నీ ముట్టుకోకుండా ఆడటం. ముట్టుకుంటే ఒకసారికి ఒకటే మార్సి, ఒక సుట్టు తిరిగి సూసుకోవాల. నేను మొగం కడుక్కొని వస్తా. నా కుర్చీలో ఎవురినీ కూర్సోనీకు."

ఎవరినీ కూర్చోనీలేదు. నేనే కూర్చున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నేను పట్టిన కారుకు వెనకవే బ్రేకులు. రెక్కను పూర్తిగా కిందికి దించినాను. పొట్టను పైకెత్తినాను. బ్రేకును కర్రతో పామును నెట్టినట్టు వెనక్కి నెట్టినాను. మూడూ ఒకేసారి. ఎంత చెప్తే అంత వింటుంది ఆ యంత్రం, ఎదురు మాట లేదు. నా మాటకు ఎదురు చెప్పని ప్రాణిని జీవితంలో మొదటిసారి చూసి మురిసిపోయినాను. వేణికి మాత్రం చెప్పలేదు. గెలిచినాక చెప్పి, కృతజ్ఞతలు తీరిగ్గా అందుకుందామని.

"ఇంక ఎవురూ సెట్టింగులు ముట్టుకునేది లేదు. రేసు అయిపోయేదాకా అంతే," అని ఖాజా చాటించినాడు.

తెరలో ఎర్ర దీపాలు ఆరినాయి. కార్లు కదిలినాయి. తిన్నటి రోడ్డు మీద మా కారు, నమ్మండి, వడిసెల్లోంచి వదిలిన రాయిలాగా పోయింది. ఒకరిని దాటింది, ఇద్దరిని దాటింది, ఈరేశును కూడా దాటింది. నేను తొడ చరుచుకున్నాను. వేణి కనుబొమలు మాత్రం ముడిపడినాయి.

అప్పుడు వంపు వచ్చింది. వేణి బ్రేకు తొక్కింది.

ఎమ్మిగనూరులో నూలు చుట్టే రాట్నాలు చూసినారు కదా. అట్లా తిరిగింది. తిరిగి తిరిగి, వచ్చేవాళ్ళకు స్వాగతం పలకడానికన్నట్టు ఎదురుమొహం పెట్టుకొని నిలబడింది. అందరూ మా మీదుగా దుమ్ము లేపుకుంటూ పోయినారు.

వేణి తల తిప్పలేదు. గొంతు కూడా పెంచలేదు.

"అత్తా."

"ఊ."

"రెక్క యాడికి పోయింది?"

"నేనే దించినా."

"బ్రేకు?"

"కొంచెం ఎనక్కి జరిపినా."

"ఇంకా?"

"పొట్ట… రాయి తగుల్తాదేమోనని."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు తిట్టు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ పిల్ల ఊపిరి ఒకసారి లోపలికి పీల్చుకొని, కారును తిప్పుకొని, అందరికన్నా వెనక బయలుదేరింది. ఆ తర్వాత జరిగినదాన్ని నాకు వర్ణించడం రాదు గానీ, ప్రయత్నిస్తాను.

రెండో వంపులో తోక మళ్ళీ లేచింది. చక్రాన్ని వేణి ఎదురు దిక్కుకు ఒక వెంట్రుకవాసి తిప్పింది. తోక సిగ్గుపడి వెనక్కి వచ్చింది. మూడో వంపుకు చాలా ముందే వేగం తగ్గించుకొని, బ్రేకును పెడల్ కింద కోడిగుడ్డు ఉన్నట్టు తాకింది. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి ఆ పిచ్చి గుర్రంతో ఏదో రాజీకి వచ్చింది. ఇప్పుడది వంపుల్లో అందరికన్నా నెమ్మది. తిన్నటి రోడ్డు వస్తే మాత్రం ఎవరికీ అందదు. వంపులో ఒకరు దాటిపోతారు, తిన్నటి రోడ్డులో వాళ్ళనూ, ఇంకొకరినీ కలిపి వేణి దాటుతుంది. కళ్ళార్పలేదు. చేతులు మాత్రం చిన్నచిన్నగా కదులుతున్నాయి, మగ్గం మీద కూర్చున్న మనిషి చేతుల్లాగా. మా ఇంట్లో అన్నం తిని, నా చీర కొంగుకు చెయ్యి తుడుచుకునే పిల్లేనా అని నేను ఆమె వైపే చూస్తూ నిలబడిపోయినాను. పోటీలో లేనివాళ్ళంతా మా వెనక మూగినారు.

"ఆ బండి ఏందప్పా అట్లుంది?" అన్నాడు ఒకడు.

"బండి మా అత్త సేసింది," అంది వేణి, తెర మీది చూపు తిప్పకుండా.

చివరి చుట్టులో ముందర ఈరేశు ఒక్కడే మిగిలినాడు. ఆఖరు వంపు దాటినాక తిన్నటి రోడ్డు. వేణి కారు దూసుకుపోయింది. చక్రం పక్కన చక్రం. ఇంకొక్క లారీ పొడవు రోడ్డుంటే గెలిచేది. గీత దాటేటప్పటికి ఈరేశు కారు ముక్కు ముందుంది. ముక్కంతే.

బహుమానం ఈరేశు చేతికి పోయింది. వేణి నవ్వుతూనే చెయ్యి కలిపింది. కానీ ఆ చక్రం డబ్బాలోకి పోతున్నంతసేపూ దాన్నే చూస్తా ఉండింది. నాకు ఎక్కడైనా గుంత దొరికితే దాక్కోవాలనిపించింది. గుంతల్లేని రోడ్డంటే నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఖాజా వచ్చి మా కారు సెట్టింగులు తెరిచి చూసినాడు. చూసి కాసేపు గడ్డం గీరుకున్నాడు. "ఈరేశా, ఈ బండిని ఒక్క సుట్టు తిప్పుప్పా." గెలిచిన ఈరేశు కూర్చున్నాడు. మొదటి వంపులోనే గోడకు కొట్టుకున్నాడు. మళ్ళీ పోయినాడు, మళ్ళీ అదే గోడ.

ఖాజా వేణి వైపు తిరిగినాడు. "పాపా, దీన్ని తోలి రెండో స్థానానికి తెచ్చినావంటే నువ్వు మామూలుదానివి కాదు. ఆదివారాలు వచ్చి కొత్తగా ఆడే పిల్లోళ్ళకు నేర్పు. మిగతా టైమంతా ఈ బల్లకు బిగించిన చక్రం నీదే, నీకు ఇష్టమొచ్చినంతసేపు ఆడుకో. కాకుంటే ఒక్క షరతు."

"ఏందన్నా?"

ఆయన నన్ను చూపించినాడు. "ఆ అక్క లోపలికి రాకూడదు."

"ఎందుకప్పా రాకూడదు?" అన్నాను. "వస్తా, ముట్టుకోను."

"ముట్టుకోకున్నా సెప్తావు కదక్కా."

"సెప్పను."

"మొగం అదో మాదిరి పెడతావు," అంది వేణి. "నువ్వు మొగం పెడితే సెప్పినట్టే అత్తా."

వాదించడానికి నోరు తెరిచినాను. ఈరేశు ఇంకా గోడకు కొట్టుకుంటూనే ఉన్నాడు. నోరు మూసుకున్నాను.

కాబట్టి పాఠకులారా, ఆదోని నివాసినీ, బీఏ పట్టభద్రురాలినీ, జీపు తోలినాయన బిడ్డనూ అయిన నేను సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాలుగు చక్రాలున్న ఏ బండి రెక్కా దించను, పొట్ట ఎత్తను, బ్రేకు నెట్టను. ప్రతి ఆదివారమూ ఆ మేడ మెట్ల మీదే కూర్చుంటాను, అద్దం తలుపు అవతల నా మేనకోడలు చక్రం పట్టుకుంటే నోరెళ్ళబెట్టుకొని చూస్తాను, అంతకుమించి ఆ నోటితో ఇంకే పనీ చెయ్యను. జీవితంలో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే. ఎదుటి పక్షమైన ఆ యంత్రం నేను చెప్పినదంతా అక్షరాలా ఒప్పుకొని మరీ నన్ను ఓడించింది. దానిమీద ఏ కోర్టులో అప్పీలు చేసుకోమంటారు?