ఇరవై దాటితే చాలు

ఆ కుట్టు షాపులో కిటికీ ఒక్కటే. దాని పక్కన పట్టే మిషనూ ఒక్కటే. అక్కడ కూర్చుంటే వెలుతురుకు వెలుతురు, గాలికి గాలి, పైగా వీధిలో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో ఆ వినోదం ఉచితం. అందుకే ఆ కుర్చీ కోసం కుట్టే ఆడవాళ్ళు నలుగురూ ప్రతి శనివారం భోజనాలయ్యాక పాచిక వేసుకుంటారు. గెలిచినవాళ్ళకు వచ్చే వారమంతా కుర్చీ.

ఆట చాలా సులువు. వంతు వచ్చినవాళ్ళు ఎన్నిసార్లయినా పాచిక వెయ్యొచ్చు, పడ్డవన్నీ కూడుకోవచ్చు. ఒకటి పడితే మాత్రం ఆ వంతులో కూడినదంతా హుష్‌కాకి. ఈలోపే "చాలు" అనేస్తే కూడినది దక్కుతుంది. ముందు వంద చేరినవాళ్ళదే గెలుపు. మిగతా ముగ్గురూ ఆశకు పోయి ఊడ్చుకుపోయేవారు. ఒకావిడ మాత్రం అదనులో "చాలు" అనేది. అలా ఆవిడకు చాలమ్మ అని పేరు పడింది. ఎక్కువ వారాలు కుర్చీ ఆవిడదే.

ఆవిడది మాయా కాదు, మంత్రమూ కాదు. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఓ రోజు లెక్క తేల్చుకుంది. పాచికకు ఆరు వైపులు. మంచివి ఐదు, అవన్నీ కలిపితే ఇరవై. చెడ్డది ఒక్కటే, కానీ అది చేతిలో ఉన్నదంతా పట్టుకుపోతుంది. చేతిలో ఇరవై కన్నా తక్కువుంటే వెయ్యడమే లాభం, ఎక్కువుంటే ఆపడమే లాభం. ఇంతే సంగతి.

ఈ సంగతి ఎవరైనా పసిగడతారేమోనని చాలమ్మ ఒక నాటకం మొదలుపెట్టింది. పాచికను కొంగుకు రుద్దేది, ఎడమకన్ను మూసేది, మిషన్ చక్రాన్ని ఓసారి వెనక్కి తిప్పేది. కిటుకంతా అందులోనే ఉందనుకుని మిగతావాళ్ళూ చక్రాలు వెనక్కి తిప్పారు. ఆ రోజు షాపులో చిక్కుపడని దారం లేదు, తెగని దారం లేదు. షాపు నడిపే మాస్టారు వచ్చి నలుగురికీ కలిపి అక్షింతలు వేశాడు. చాలమ్మ అందరికన్నా వినయంగా తల దించుకుంది, నవ్వు కనపడకుండా.

నవ్వుకేం గానీ, ఆవిడకు ఆ కుర్చీ సరదా కాదు. రెండు కళ్ళలోనూ పొర కమ్ముతోంది. కిటికీ వెలుతురుంటేనే సూది కనిపిస్తుంది. కుట్టు వంకరపోయిందంటే మాస్టారు మిషన్ మీంచి లేపేస్తాడు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి పక్క మిషన్ మీద కూర్చునే సొంత వదినకు కూడా.

ఒక శనివారం వదిన తొంభై ఆరుకు చేరింది. చాలమ్మ డెబ్బై దగ్గర ఉంది. వంతులో ఇరవై ఒకటి కూడింది. ఇంకో రోజయితే చాలు అనేదే. కానీ ఇప్పుడు ఆపితే తొంభై ఒకటి దగ్గర నిలుస్తుంది, వదిన ఒకటి రెండుసార్లు వేసి నూరు కొట్టేస్తుంది. కాబట్టి వెయ్యడమే సరి. వేసింది. ఒకటి పడింది. లెక్క తప్పలేదు, కుర్చీ మాత్రం వదినకు పోయింది.

సోమవారం చాలమ్మ మూలనున్న మిషన్ మీద కూర్చుంది. వచ్చిన పని నల్లకోట్లు. నల్లగుడ్డ మీద నల్లదారం. సాయంత్రానికి కుట్టు తాగినవాడి నడకలా తయారైంది. వదిన వచ్చి చూసింది. కోటు తీసుకెళ్ళి, కుట్టు విప్పి, మాస్టారు కంటపడేలోగా మళ్ళీ కుట్టేసింది. వారమంతా అదే వరస.

తర్వాతి శనివారం వదిన ఆట చూసి అందరికీ మతిపోయింది. ఒకటి పడేదాకా పాచిక వదలదు. యాభై చేరినా వేస్తుంది. "వదినా, ఆపు" అని మిగతావాళ్ళు మొత్తుకున్నా వినదు. ఒక వంతులో ఆ పాచిక పగబట్టినట్టు ఆరు మీద ఆరు పడింది. ఎనభై దాటేసరికి వదినకు చెమటలు పట్టాయి. చెయ్యి జారినట్టు పాచికను బల్లకింద పడేసి, "కింద పడింది, నా వంతు పోయినట్టే" అనేసింది. కుర్చీ చాలమ్మకు వచ్చింది.

షాపు మూశాక మెట్ల మీద చాలమ్మ నిలదీసింది. "కావాలనే ఓడిపోయావు కదూ?"

"కోటు మీద కుట్టు కనపడదు గానీ, నా ఆట బాగానే కనపడిందే నీకు."

చాలమ్మ కొంగు సర్దుకుంటూ ఒక మెట్టు దిగింది.

"ఇరవై దాటాక నువ్వు వెయ్యవని నాకెప్పుడో తెలుసులే. ఆ చక్రం తిప్పడాలవీ ఉత్త వేషాలు," అంది వదిన.

"మరి నువ్వెందుకు అలా ఆడలేదు?"

"లెక్క చూసుకుని ఆడితే ఇంక ఆటేముంది? అది సరే గానీ, కళ్ళు చూపించుకున్నావా?"

"చూపించుకున్నా. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. లేచి వచ్చేశా. ఉన్న చూపు కూడా పోతే?"

"ఎంతమందికి పోతుందంట?"

ఆ మాట చాలమ్మ అసలు అడగలేదు. కుర్చీ కోసం ఆరు వైపులూ తిరగేసి చూసిన మనిషికి, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క ముక్క అడగాలని తోచలేదు. సిగ్గేసింది.

సోమవారం ఇద్దరూ సెలవు పెట్టి వెళ్ళారు. డాక్టరు ఎదురుగా కూర్చుని చాలమ్మ అడిగింది. "వందమందికి చేస్తే ఎంతమందికి చెడుతుందండీ?"

"ఒకరికో ఇద్దరికో ఇబ్బంది రావచ్చమ్మా. అది కూడా చాలామటుకు మందులతో సర్దుకుంటుంది."

"చేయించుకోకపోతే?"

"ఇప్పుడున్న చూపు కూడా నెమ్మదిగా తగ్గిపోతుంది."

చాలమ్మ మనసులో లెక్క వేసుకుంది. పాచికాటలో ఆపితే, ఉన్నదైనా దక్కుతుంది. ఇక్కడ ఆపినా దక్కదు. ఇన్నాళ్ళూ తను దాచుకుంటున్నాననుకున్నది రోజూ కారిపోతూనే ఉంది. లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది గానీ, భయం మాత్రం ఆవగింజంత కూడా తగ్గలేదు. వదిన చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎప్పుడు చేస్తారు?" అని అడిగింది.