సత్యవతి టీచరు గారి మోకాళ్లు

సామర్లకోట స్టేషనులో గార్డు ఈల వేసిన ప్రతిసారీ నా మడమలు రెండూ వాటంతటవే దగ్గరకు చేరతాయి, వెన్ను నిటారవుతుంది. పొద్దున్నే రాజమండ్రి పాసింజరు కోసం నిలబడ్డ జనంలో టిఫిను డబ్బా పట్టుకుని సావధాన్‌లో ఉండే మనిషిని నేనొక్కదాన్నే. పక్కవాళ్లు వింతగా చూస్తే సిగ్గేసి, పుస్తకం తెరిచి మొహం దాచుకుంటాను. తప్పు నాది కాదు, మా డ్రిల్లు టీచరు సత్యవతి గారిది.

డ్రిల్లు టీచరనగానే మీరు చలాకీగా గెంతే మనిషిని ఊహించుకుంటారు. ఆవిడ భారీ మనిషి. ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది గానీ, మోకాళ్లు మాత్రం అప్పటికే రిటైరైపోయాయి. మా ఆడపిల్లల హైస్కూలు ఆవరణలోకి ఆవిడకన్నా ముందు కర్పూర తైలం వాసన వచ్చేది. వరండా పక్కన కుర్చీ వేయించుకుని, మోకాళ్ల మీద వేడి ఇసుక మూట పెట్టుకుని, ఈలతోనే మమ్మల్ని ఆడించేవారు. ఒక ఈలకి వంగాలి, రెండు ఈలలకి లేవాలి. మూలుగు కూడా ఈలలోనే కలిపేసేవారు. పొడుగ్గా, వణుకుతూ ఈల వచ్చిందంటే ఏం చేయాలో తెలియక సగం మంది వంగేవాళ్లం, సగం మంది లేచేవాళ్లం.

చేసి చూపించడానికి ఒక మనిషి కావాలి కదా. వెనక వరసలో పొడుగు పిల్లల చాటున నక్కి ఉన్న నన్ను పట్టుకున్నారు. అప్పటికి నేను చెప్పాలనుకున్నవన్నీ డైరీకే చెప్పుకునేదాన్ని. "నీకు నోరు లేదు, నాకు మోకాళ్లు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం, రావే," అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ చెప్పడం, నేను బడందరి ముందూ బస్కీలు తీయడం. పెరట్లో సాధన చేస్తుంటే మా అమ్మకి అవి గుంజీల్లా కనిపించి, నేనేదో పెద్ద తప్పే చేసి దాస్తున్నానని చాలాకాలం అనుమానపడింది.

ఆ ఏడాది కొత్త హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. కూర్చుని డ్రిల్లు చెప్పడమేమిటని ముందు కుర్చీ తీయించేశారు. నొప్పులుంటే ముందే రిటైర్మెంటు పెట్టుకోమన్నారు. ఇన్‌స్పెక్షనులో డ్రిల్లు చేయించలేరని తేలితే తానే పైకి రాస్తానన్నారు. సత్యవతి గారి భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నారనీ, ఆ ఇంటికి ఆవిడ జీతం ఒక్కటే ఆధారమనీ స్టాఫ్ రూములో మంచినీళ్లు పెట్టడానికి వెళ్లినప్పుడు విన్నాను. మాతో మాత్రం ఆవిడ ఒక్క ముక్క అనలేదు. చీర కింద మోకాళ్లకి పాత తువ్వాళ్లు బిగించి కట్టుకుని నిలబడేవారు. అడిగితే, "వానగాలి కదే, పట్టేశాయి," అనేవారు. చుక్క వాన పడి నెలలైంది.

ఇన్‌స్పెక్షను రోజున బడంతా మైదానంలో వరసలు కట్టాం. ఆవిడ ఈల వేస్తుంటే, ముందు నిలబడి నేను చేస్తుంటే, నన్ను చూసి అందరూ చేస్తున్నారు. అంతా సవ్యంగా నడుస్తుండగా హెడ్మిస్ట్రెస్ గారు ఇన్‌స్పెక్టరు గారితో, "పిల్ల చేస్తే ఏముందండి, టీచరు గారిని ఒకసారి చేసి చూపించమనండి," అన్నారు. సత్యవతి గారు కొంగు బొడ్లో దోపారు. చేతులు ముందుకి చాచి కిందికి దిగారు. దిగడం మహారాణిలాగే దిగారు. ఆ తర్వాత కదలిక లేదు. మొహం కందగడ్డయింది, ఈల నోట్లోంచి జారింది, ఉన్నచోటే చతికిలబడిపోయారు.

హాజరు పలకడానికే గొంతు పెగలని నేను "సిట్ డౌన్" అని కేక పెట్టాను. అరిచిందెవరా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. బడంతా ఒక్కసారిగా నేల మీద కూర్చుంది. కంగారులో హిందీ మాస్టారు కూడా కూర్చున్నారు. ఇప్పుడు మైదానంలో కూలబడ్డ మనిషంటూ ఎవరూ లేరు. నిలబడ్డ పెద్దవాళ్లే తేడాగా కనిపిస్తున్నారు.

కూర్చోబెట్టేశాను సరే, లేపడమెలా? జతలుగా చేతులు పట్టుకుని ఒకరినొకరు లేపండని మళ్లీ అరిచాను. పిల్లలందరూ పక్కవాళ్లని లాగుతుంటే నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఇసుమంతైనా కదల్లేదు. ఆవిడ పళ్ల బిగువున, "లాగవే, ధాన్యం బస్తా అనుకో," అన్నారు. లాగాను. ఆవిడ లేచారు, నేను పడ్డాను.

హెడ్మిస్ట్రెస్ గారు ఏదో అనబోతే ఇన్‌స్పెక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఈ ఐటెమ్ నేనెక్కడా చూడలేదండి. బాగుంది," అన్నారు. డ్రిల్లు టీచరు గారికి కుర్చీ వేయిస్తే ఇంకా బాగా చెబుతారని కూడా అన్నారు. పోతూ పోతూ వరండా మెట్టు దగ్గర స్తంభం పట్టుకుని ఆగి, సత్యవతి గారిని గొంతు తగ్గించి అడిగారు.

"ఆ తైలం ఎక్కడ కొంటారండి? నాకు రెండు మోకాళ్లూను."

కుర్చీ తిరిగొచ్చింది. ఆవిడ రిటైరయ్యేదాకా అందులోంచే డ్రిల్లు చెప్పారు. నన్ను మెచ్చుకోలేదు సరికదా, సిట్ డౌన్ అనే ముందు సావధాన్ అనాలని తెలీదా అని మర్నాడు పిల్లలందరి ముందూ చీవాట్లు పెట్టారు.

నేను ఇప్పటికీ పెద్దగా మాట్లాడను. మా ఆఫీసు మేడ మీద ఉంది. ఫైళ్లు మోసే అటెండరు వీర్రాజు గారు ఈ మధ్య మెట్ల మధ్యలో ఆగి, గోడ మీద ఏదో చదువుతున్నట్టు నిలబడుతున్నారు. ఆ గోడ మీద ఏమీ లేదు. నేను ఆయనకి ఒక మెట్టు కింద ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకుంటాను. దారికి అడ్డమని వెనకవాళ్లు నన్నే విసుక్కుంటారు. ఆయన కదిలాక గానీ నా పట్టీ సర్దుకోదు.